తల దెబ్బ తగిలిన పిల్లలకు బెంగళూరులో ఒక క్లినిక్: దేనికి వెళ్ళాలి, దేనికి డబ్బు పెట్టకూడదు

దక్షిణ బెంగళూరులోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, పన్నెండేళ్ళు దాటి ఇరవైలోపు ఉన్న పిల్లలకు తల దెబ్బ తరువాత కావలసిన సంరక్షణ కోసం విడిగా ఒక క్లినిక్ నడుపుతోంది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బాస్కెట్‌బాల్ ఆడుతుండగా మరో క్రీడాకారిణి మోచెయ్యి కణత మీద బలంగా తగిలింది. ఎమర్జెన్సీలో చూపించిన తరువాత, అమ్మాయి మళ్ళీ మైదానంలో అడుగుపెట్టేవరకు మేము చూపించుకున్నది ఈ క్లినిక్‌లోనే. ఇక్కడి వైద్యం, వివరణ, పిల్లను చదువులోకీ ఆటలోకీ మెల్లమెల్లగా తిరిగి తీసుకువచ్చిన పద్ధతి ఎంతో మేలైనవి. అదే గొడుగు కింద అమ్మిన రక్తపరీక్షల ప్యాకేజీ, మెదడు రోగనిరోధక శక్తి పేరుతో అంటగట్టిన మాత్రలు మాత్రం ఏ తల్లిదండ్రులూ కొనకూడనివి. ఈ రెండూ ఒకే చోట ఉన్నందువల్లే ఇంత వివరంగా రాయవలసి వస్తోంది. ఆసుపత్రి పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇలాంటి క్లినిక్ ఎక్కడ ఎదురైనా ఏమి అడగాలో తెలియడం ముఖ్యమని నా ఉద్దేశం.

దెబ్బ తగిలిన రోజు మేము ముందుగా వెళ్ళింది ఎమర్జెన్సీకే. సీటీ స్కాన్ తీశారు; రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు, ఇంటికి తీసుకెళ్ళవచ్చు అన్నారు. అది సరైన నిర్ణయమే. సీటీ చేయవలసిన పని వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదాన్ని పట్టుకోవడం, ఆ పని అది చేసింది. కానీ ఆ తరువాతి రోజుల్లో పిల్ల పుస్తకం తెరిచిన కాసేపటికే తల పట్టుకు కూర్చోవడం, ట్యూబులైటు వెలుతురు భరించలేకపోవడం, చిన్న మాటకు కన్నీళ్ళు పెట్టుకోవడం, రాత్రంతా నిద్రపట్టక పొర్లడం ఏ ఫిల్ములోనూ కనిపించవు. స్కాన్ బాగుంది కాబట్టి బడికి వెళ్ళమని ఒకరు, తల దెబ్బ కాబట్టి నెల రోజులు చీకటి గదిలో పడుకోబెట్టమని మరొకరు చెబుతుంటే, ఈ రెండింటి మధ్య దారి చూపే మనిషి కావాలి. క్లినిక్ అవసరం అక్కడే మొదలవుతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు న్యూరాలజిస్టు మాకు ఇచ్చిన సమయం, సాధారణంగా ఓపీలో దొరికే సమయానికి ఎన్నో రెట్లు. లక్షణాల పట్టిక చదివి ప్రతిదానికీ తీవ్రత ఎంతో అమ్మాయినే చెప్పమన్నారు. ఒంటికాలి మీద నిలబెట్టి చూశారు. వేలిని కళ్ళతో అనుసరించమన్నారు. కొన్ని పదాలు చెప్పి, కొంత సేపటి తరువాత తిరిగి చెప్పమన్నారు. ఆ పరీక్షలయ్యాక స్కాన్ ఫిల్మును పక్కన పెట్టి, తెల్లకాగితం మీద సన్నని కొమ్మలు అన్ని వైపులా చాచిన ఒక కణాన్ని గీసి, "అమ్మా, ఇప్పుడు మీ పిల్ల తలలో పని చేస్తున్నది ఇది" అన్నారు. ఆ కణం పేరు మైక్రోగ్లియా. ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆ వివరణే. ఆ రోజు విన్నదానికి తరువాత చదువుకున్నది కూడా చేర్చి ఇక్కడ రాస్తున్నాను.

మెదడుకు సొంత రోగనిరోధక కణాలు ఉన్నాయని, వాటిని విడిగా గుర్తించి 1919లో పేరు పెట్టినవాడు స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా. మెదడులోని మిగతా కణాలతో వీటికి పుట్టుకలో చుట్టరికం లేదు. పిండం తొలిదశలో ఉండగా పచ్చసొన సంచిలో పుట్టి, మెదడు రూపుదిద్దుకుంటున్నప్పుడే అక్కడికి వలస వచ్చి, జీవితాంతం అక్కడే ఉండిపోతాయని ఎలుకలపై జరిగిన పరిశోధన 2010లో తేల్చింది. గాయం తగిలే వరకు ఇవి నిద్రాణంగా ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. 2005లో బతికి ఉన్న ఎలుకల మెదడును ప్రత్యేక సూక్ష్మదర్శినితో చూసిన రెండు బృందాలు ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేశాయి. ఈ కణాల కొమ్మలు క్షణం తీరిక లేకుండా చుట్టుపక్కలంతా తడిమి చూస్తూనే ఉంటాయి. లేజరుతో ఒక చిన్న గాయం చేస్తే నిమిషాల్లోనే చుట్టుపక్కల కణాలన్నీ తమ కొమ్మలను అటువైపు చాచి ఆ చోటును చుట్టుముడతాయి.

దెబ్బ తగిలిన క్షణంలో జరిగే నష్టం ఒకటి, ఆ తరువాత గంటలు, రోజులు, వారాల పాటు సాగే నష్టం మరొకటి. తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనప్పుడు నాడీతంతువులు సాగుతాయి, కణాల లోపల ఉండవలసిన రసాయనాలు బయటికి వస్తాయి, వాటిని పసిగట్టిన మైక్రోగ్లియా కొమ్మలు ముడుచుకొని, బొద్దుగా మారి, వాపును రేపే ప్రోటీన్లను వదులుతాయి. అందులో మేలు ఉంది: చెడిపోయిన ముక్కలను మింగి శుభ్రం చేసేవి ఇవే, గాయం చుట్టూ మరమ్మతుకు దోహదపడేవీ ఇవే. అదే స్పందన అవసరానికి మించి సాగితే దెబ్బ తగలని నాడీకణాలకు కూడా హాని జరుగుతుంది. ఒకే కణం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా అణచివేయడమే వైద్యం అనుకోకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ మాటకు ఎంత బలముందో మాత్రల సంగతి దగ్గర మళ్ళీ చెబుతాను.

కౌమారంలో ఉన్న పిల్లలకు వేరే క్లినిక్ ఎందుకు అన్న ప్రశ్నకూ జవాబు ఈ కణంలోనే ఉంది. బాల్యంలో మెదడు అవసరానికి మించిన సంఖ్యలో సినాప్సులను, అంటే నాడీకణాల మధ్య సంధులను, ఏర్పరచుకుంటుంది. యుక్తవయసులో వాటిలో వాడుకలో లేనివి తగ్గిపోయి, వాడుకలో ఉన్నవి బలపడతాయి. ఆలోచన, నిగ్రహం, ప్రణాళికకు ఆధారమైన ముందుభాగంలో ఈ మార్పు ఇరవైల దాకా సాగుతుంది. అలా తొలగవలసిన సంధులను మింగే పనిలో మైక్రోగ్లియాకు భాగం ఉందని, ఏ సంధిని తొలగించాలో గుర్తించడానికి రోగనిరోధక వ్యవస్థకు చెందిన కాంప్లిమెంట్ ప్రోటీన్లే గుర్తులుగా పనిచేస్తాయని ఎలుకల్లో జరిగిన పరిశోధనలు చూపాయి. అంటే పదిహేనేళ్ళ పిల్ల తలకు దెబ్బ తగిలినప్పుడు, ఆమె మెదడు నిర్మాణంలో చురుకుగా పాల్గొంటున్న కణాలనే గాయం దగ్గరికి కూడా పిలిచినట్టవుతుంది. ఈ రెండు పనులూ ఒకదానిపై ఒకటి ఎలాంటి ప్రభావం చూపుతాయన్నది ఇప్పుడు పరిశోధకులు శ్రద్ధగా వెతుకుతున్న విషయం. మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఎలుకల నుంచి వచ్చిందేనని డాక్టరు దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

మనుషుల విషయంలో ఉన్న ఆధారాలను కూడా ఆయన భయపెట్టకుండా వివరించారు. ఒంట్లోకి ఎక్కించిన కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపే ప్రత్యేకమైన పెట్ స్కాన్‌తో మైక్రోగ్లియా చైతన్యాన్ని కొలిచిన ఒక బ్రిటన్ అధ్యయనం 2011లో వెలువడింది. దెబ్బ తగిలి ఏళ్ళు గడిచినా, కొందరిలో పదిహేడేళ్ళ తరువాత కూడా, ఆ చైతన్యం హెచ్చుగానే కనిపించింది. ఇది విన్న ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. అయితే ఆ పరిశీలనలో ఉన్నవారు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన గాయాలు తగిలిన పెద్దవాళ్ళు. ఆటలో కంకషన్, అంటే తల కుదుపుతో మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినే తేలికపాటి గాయం, వచ్చిన పిల్లలకు ఆ ఫలితాన్ని నేరుగా అంటగట్టకూడదు. కంకషన్ వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది నాలుగు వారాల్లోపు కోలుకుంటారని ఆయన అదే ఊపులో చెప్పి, మా అమ్మాయి వైపు తిరిగి, "నువ్వూ ఆ ఎక్కువమందిలోనే ఉంటావు" అన్నారు. పిల్ల ముఖం ఆ రోజు తొలిసారి తేటపడింది.

ఇక సంరక్షణ విషయానికి వస్తే, ఈ క్లినిక్ 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు నుంచి వెలువడిన మార్గదర్శకాలను అనుసరిస్తుంది. మొదటి 24 నుంచి 48 గంటల వరకు సాపేక్ష విశ్రాంతి: ఇంట్లో తిరగవచ్చు, మాట్లాడవచ్చు, ఫోను, టీవీ మాత్రం బాగా తగ్గించాలి. ఆ తరువాత మంచానికి అతుక్కుపోవడం మంచిది కాదు. ఐదు రోజుల పూర్తి విశ్రాంతి ఇచ్చిన పిల్లలకు, ఒకటి రెండు రోజుల విశ్రాంతితో మామూలు పనుల్లోకి మెల్లగా వెళ్ళిన పిల్లల కంటే లక్షణాలు ఎక్కువగా కనిపించాయని 2015 నాటి అధ్యయనం ఒకటి ఉంది. తలకు దెబ్బ తగిలినవాళ్ళను నిద్రపోనివ్వకూడదని మన ఇళ్ళలో పెద్దలు చెబుతుంటారు. మా అత్తగారు కూడా రాత్రి పిల్ల పక్కనే కూర్చున్నారు. ఎమర్జెన్సీలో పరీక్షించి ప్రమాదం లేదన్న తరువాత నిద్ర పట్టనివ్వడమే మంచిదని, ఆ రోజుల్లో నిద్రే పెద్ద మందని డాక్టరు ఆమెకు ఫోనులో ఓపికగా వివరించారు.

ఆ తరువాతి మెట్టు నడక. ఫిజియోథెరపిస్టు ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ, గుండెవేగం ఎంతకు చేరినప్పుడు తలనొప్పి పెరుగుతుందో గుర్తించి, ఆ హద్దుకు కొంత దిగువలో ఇంటి దగ్గర రోజూ నడవమన్నారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ క్రీడాకారులపై ఉత్తర అమెరికాలో జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో, ఇలా హద్దు లోపల ఏరోబిక్ (గుండెవేగాన్ని పెంచే) వ్యాయామం చేసినవారు సగటున 13 రోజుల్లో, కేవలం కండరాలు సాగదీసే వ్యాయామం చేసినవారు 17 రోజుల్లో కోలుకున్నారు. నాలుగు రోజుల తేడా చిన్నదే కావచ్చు, కానీ పరీక్షలు దగ్గర పడిన పదో తరగతి పిల్లకు నాలుగు రోజులంటే ఒక సబ్జెక్టు.

చదువు విషయంలో క్లినిక్ చేసిన పని నన్ను కదిలించింది. ఆట కంటే ముందు చదువు తిరిగి మొదలవ్వాలన్నది వారి నియమం. పాఠశాలకు ఒక పేజీ లేఖ రాసి ఇచ్చారు: మొదట సగం పూట, పిరియడ్ల మధ్య విరామం, బోర్డు మీది పాఠం అచ్చులో ఇవ్వడం, అప్పటికి పరీక్షలు వాయిదా, పీటీ పిరియడ్‌లో కూర్చోవడం. క్లాసు టీచరు ఆ లేఖను మిగతా ఉపాధ్యాయులందరికీ చూపించారట. బయటికి కనబడని గాయం ఉన్న పిల్ల నాటకమాడుతోందని ఎవరూ అనకుండా కాపాడింది ఆ కాగితమే. మందుల చీటీ కంటే ఆ లేఖ విలువ ఎక్కువ.

ఆటలోకి తిరిగి వెళ్ళడానికి ఆరు మెట్లు. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. తేలికపాటి నడక, జాగింగ్, ఒంటరిగా బంతితో కసరత్తు, ఎవరూ ఢీకొనని శిక్షణ, పూర్తి శిక్షణ, చివరికి పోటీ. ఢీకొనే అవకాశమున్న మెట్టుకు ముందు డాక్టరు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. అమ్మాయి మధ్యలో ఎన్నిసార్లు మారాం చేసినా వారు మెట్టు దాటనివ్వలేదు. ఇంత పట్టు ఎందుకంటే, ఒకసారి గాయపడిన మెదడులో మైక్రోగ్లియా కొంతకాలం రెచ్చిపోయే స్థితిలోనే ఉంటాయని, ఆ సమయంలో రెండో దెబ్బ తగిలితే వాటి స్పందన మొదటిదానికంటే తీవ్రంగా ఉంటుందని జంతువులపై చేసిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. మనుషుల్లో, ముఖ్యంగా యుక్తవయసు క్రీడాకారుల్లో, మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలి మెదడు వేగంగా వాచిపోయిన అరుదైన ఘటనలను వైద్యులు 1984 నుంచి రాస్తున్నారు. దాని వెనుక ఉన్న కారణంపై ఇంకా వాదనలున్నాయి, కానీ జాగ్రత్త విషయంలో వాదన లేదు.

ఇక నా ఆక్షేపణ. డాక్టరు గది నుంచి బయటికి రాగానే కోఆర్డినేటరు ఒక ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. అందులో మెదడు వాపును కొలుస్తామంటూ సీఆర్‌పీ మొదలైన రక్తపరీక్షలు, మైక్రోగ్లియాను శాంతపరుస్తాయంటూ కర్కుమిన్, ఒమేగా కొవ్వుల మాత్రలు ఉన్నాయి. లోపల అంత నిజాయితీగా చెప్పిన విజ్ఞానాన్ని బయట ఇలా సరుకుగా మార్చడం నాకు బాధ కలిగించింది. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రోటీన్. జలుబు, పంటి నొప్పి, గొంతు ఇన్ఫెక్షన్ ఏది ఉన్నా పెరగవచ్చు. మెదడులో మైక్రోగ్లియా ఏ స్థితిలో ఉన్నాయో అది చెప్పలేదు. ఆ స్థితిని చూడగల పెట్ స్కాన్ పరిశోధనశాలలకు పరిమితమైనది, కంకషన్ వచ్చిన పిల్లకు దాన్ని మామూలు వైద్యంలో వాడరు. కర్కుమిన్ సంగతికి వస్తే, మనం మింగినదాంట్లో చాలా కొద్ది భాగమే రక్తంలోకి చేరుతుంది, మెదడు దాకా వెళ్ళడం మరో మజిలీ.

అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. తల దెబ్బ తరువాత మైక్రోగ్లియాను లక్ష్యంగా చేసుకుని ఆమోదం పొందిన మందు ఇప్పటికీ లేదు, ప్రయత్నం జరగక కాదు. మైనోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్‌ను పెద్దవాళ్ళకు ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. మైక్రోగ్లియా చైతన్యం పెట్ స్కాన్‌లో తగ్గింది, కానీ నాడీతంతువుల నష్టాన్ని సూచించే ప్రోటీన్ రక్తంలో పెరిగింది. అంటే ఆ కణాలను అణచివేసినప్పుడు అవి చేస్తున్న మరమ్మతు కూడా ఆగిపోయి ఉండవచ్చు. ఇంత సున్నితమైన విషయాన్ని ఫార్మసీ కౌంటరులో సీసాలో పోసి, భయంతో ఉన్న తల్లిదండ్రులకు అమ్మడం సమంజసం కాదు. నేను వద్దన్నాను, వారు పట్టుబట్టలేదు. డాక్టరును అడిగితే, అవి అవసరం లేదని ఆయన కూడా స్పష్టంగా చెప్పారు. అలాంటప్పుడు ఆ కాగితం ఆయన గది తలుపు దగ్గర ఎందుకుండాలన్నదే నా ప్రశ్న. లిఖితపూర్వకంగా ఆసుపత్రికి ఇచ్చాను, జవాబు రాలేదు.

రెండో లోటు భాష. క్లినిక్ ఇచ్చే సూచనల పుస్తకం ఇంగ్లీషులో, కన్నడంలో మాత్రమే ఉంది. అక్కడ కూర్చున్నవారిలో అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవారు ఎందరో. మదనపల్లె నుంచి వచ్చిన ఒక తండ్రి, బైకు వెనుక కూర్చుని హెల్మెట్ లేకుండా పడిపోయిన కొడుకును తీసుకొచ్చి, ఆ పుస్తకం నా చేతికిచ్చి, "అక్కా, ఇందులో ఏముందో కొంచెం చెప్పు" అన్నారు. చదివి చెప్పాను. చిత్తూరుకు చెందిన ఫిజియోథెరపిస్టు ఒకామె ఖాళీ దొరికినప్పుడల్లా ఇలాంటివారి దగ్గరికి వెళ్ళి తెలుగులో వివరిస్తుంటుంది. "అన్నా, వారం దాకా బిడ్డను బండెక్కించొద్దు" అని ఆమె చెప్పిన తీరు వల్లే ఆ తండ్రికి విషయం తలకెక్కింది. కానీ ఒకరి మంచితనం మీద ఆధారపడకూడని పని ఇది. ప్రమాద లక్షణాల పేజీ ఒక్కటైనా తెలుగులో, తమిళంలో అచ్చు వేయించడం ఆసుపత్రికి ఏమంత ఖర్చు?

అపాయింట్‌మెంటు, పార్కింగు, బిల్లు విషయాల్లో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. రుసుము మామూలు నిపుణుల ఓపీ కంటే కొంత ఎక్కువ. ఇచ్చే సమయాన్ని బట్టి చూస్తే న్యాయమే.

డాక్టరు సలహా మీద అమ్మాయిని హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ (మానసిక, నాడీ వైద్యానికి జాతీయ సంస్థ) మెదడు మ్యూజియానికి కూడా తీసుకెళ్ళాము. కుటుంబాలు దానంగా ఇచ్చిన మెదళ్ళను అక్కడ భద్రపరిచి, చూడవచ్చినవారికి విడమర్చి చెబుతారు, చేతితో తాకనిస్తారు కూడా. ఫార్మలిన్‌లో ఉంచిన మెదడు గట్టిగా ఉంటుంది. బతికి ఉన్న మనిషి తలలో అది తోడుకున్న పెరుగంత మెత్తగా ఉంటుందని విన్నాక, మెట్లు దాటేద్దామన్న మారాం మా అమ్మాయి పూర్తిగా మానేసింది. యుక్తవయసు పిల్లలున్న ప్రతి ఇంటివారూ చూడవలసిన చోటది.

ఎవరు వెళ్ళాలన్నదానికి నా అభిప్రాయం ఇది: ఎమర్జెన్సీలో ప్రమాదం లేదని తేలాక కూడా తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మతిమరుపు, నిద్రలేమి, స్వభావంలో మార్పు కొన్ని రోజులకు మించి కొనసాగుతున్న పిల్లలు, ఆటల్లోకి తిరిగి వెళ్ళవలసిన పిల్లలు వెళ్ళాలి. డబ్బు కట్టేటప్పుడు సంప్రదింపులకు, ఫిజియోథెరపీకి మాత్రమే బిల్లు వేయమని ముందే చెప్పండి. పాఠశాల లేఖ, ఆటకు అనుమతి లేఖ అడిగి తీసుకోండి.

దెబ్బ తగిలిన వెంటనే మాత్రం ఇక్కడికి రాకండి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదిగా కనబడడం, కాలూ చెయ్యీ పట్టు తప్పడం, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం గానీ నీళ్ళలాంటి ద్రవం గానీ కారడం, లేపినా లేవకపోవడం, పొంతన లేని మాటలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేసి న్యూరోసర్జరీ ఉన్న ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఈ క్లినిక్ ఫోను సాయంత్రం తరువాత పలకదు, ఆదివారం తలుపులు మూసి ఉంటాయి. బెంగళూరులో అలాంటి వేళల్లో నిమ్హాన్స్ అత్యవసర విభాగం ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుంది.